మీకు చేతకాదని ఎవరనగలరు?

నాగార్జునకొండ మంచిచెడ్డలు చూసే పెద్దలు ఢిల్లీలో ఉన్నా, అమరావతిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, వాళ్లందరినీ ఇవాళ నోరారా పొగడదలచుకున్నాను. ఇందులో వెటకారం లేదు. పొగిడే ప్రతి మాటా నిజమని నమ్మే రాస్తున్నాను. మాది పలనాడులో వెల్దుర్తి. మా మండలంలో అడవి దాటితే కృష్ణ కనిపిస్తుంది. ఆ కృష్ణలోనే, పక్కన మాచర్ల మండలంలో, ఇక్ష్వాకు రాజుల నగరం విజయపురి మునిగి ఉంది. వాళ్లను పొగడడానికి మాకన్నా హక్కున్నవాళ్లు ఎవరు?

ముందు ఒక బడిపంతులును పొగడాలి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు నాగార్జునకొండ లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి కబురు పంపాడు. అది ఆయన ఉద్యోగంలో భాగం కాదు. అవతల కబురు అందుకున్నవాళ్లు కూడా దాన్ని మూలన పడేయలేదు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి స్వయంగా వచ్చి చూశాడు. 1927లో పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలకు దిగాడు, 1931 దాకా తవ్వాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ వచ్చాడు. పల్లెటూరి పంతులు చెప్పిన మాటకు అంత విలువ ఇచ్చిన కచేరీ మన దేశంలో ఉండేది. 2026తో ఆ కబురుకు వందేళ్లు. ఇవాళ మా ఊరి బడిపంతులు పొలంలో చెక్కడపు రాయి చూస్తే ఎవరికి చెప్పాలో ఆయనకు తెలియదు. చెబితే ఎవరైనా వస్తారన్న నమ్మకమూ లేదు.

అసలు పొగడ్త అంతా 1954 నుంచి 1960 దాకా జరిగిన పనికి దక్కాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునుగుతుందని ముందే తెలుసు కాబట్టి, అంతకు ఏడాది ముందే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో గునపాలు పడ్డాయి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ, నడుమ సుమారు 23 చదరపు కిలోమీటర్ల నేల. ఆరేళ్లలో వందకు పైగా చోట్ల తవ్వారు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా మనిషి అక్కడ విడిచిపోయిన ప్రతిదాన్నీ వెతికారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. బండి చక్రంలా ఆకులు పోసి కట్టిన ఇటుకల స్తూపాలు, నది ఒడ్డున కార్తికేయుడి గుళ్లు, అష్టభుజస్వామి గుడి, అశ్వమేధం జరిగిందని గుర్తించిన చోటు, నాలుగు పక్కలా మెట్ల వరుసలతో ఒక రంగస్థలం, చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన ఛాయాస్తంభాలు దొరికాయి. నీళ్లు తరుముకొస్తుంటే చేసిన పని ఇది.

తవ్వి ఊరుకోలేదు. తొమ్మిది కట్టడాలను ఊడదీసి కొండ మీదికి మోసుకెళ్లి మళ్లీ కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. రంగస్థలాన్ని, మరికొన్నిటిని కుడి ఒడ్డున అనుపులో నిలబెట్టారు. దీవిగా మారిన కొండ మీద 1966లో మ్యూజియం తెరిచారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట నీళ్ల నుంచి అబూ సింబెల్ గుళ్లను 1964–68లో ఎత్తి నిలబెడితే ప్రపంచం చప్పట్లు కొట్టింది. ఆ పనికి యునెస్కో పిలుపు మీద ఎన్నో దేశాలు డబ్బిచ్చాయి. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన మన దేశం అంతకు ముందే, ఆనకట్ట కూడా తానే కట్టుకుంటూ, ఈ పని తలకెత్తుకుంది. ఇటుకలు మోసిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. వాళ్లకూ ఈ పొగడ్తలో వాటా ఉంది.

ఇంత చేతనైనవాళ్లు మీరు. అందుకే మిమ్మల్ని ఊరికే వదలలేను.

తవ్వకాలు 1960లో ముగిశాయి. ఏం దొరికిందో లోకానికి చెప్పే నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. ఇక్ష్వాకుల కాలానికి సంబంధించిన రెండో సంపుటం 2006లో వచ్చింది. మొదటి గునపం పడిన ఏడాది పుట్టిన పిల్లవాడికి ఆ పుస్తకం అచ్చయ్యేసరికి యాభై రెండేళ్లు. నీళ్లకు గడువుంది కాబట్టి నగరాన్ని ఆరేళ్లలో తవ్వేశారు. పుస్తకానికి గడువు పెట్టేవాళ్లు లేకపోయారు. రెండు సంపుటాలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఎవరి తాతల పొలాలు ఆ లోయలో పోయాయో వాళ్లు చదివే భాషలోకి అవి రావాలని ఎవరికీ తోచలేదు.

పుస్తకం ఆలస్యమైతే ఊరిలో పుకారు ముందు చేరుతుంది. నాగార్జునకొండ చరిత్రకు జరిగింది అదే. అనుపులో ఒకసారి బడిపిల్లలను వెంటపెట్టుకొచ్చిన ఒక మేష్టారు, ఆచార్య నాగార్జునుడు పాఠం చెప్పింది ఇక్కడే అని విహారపు అరుగును చూపించాడు. నాగార్జునుడు కూర్చున్న రాయి ఏదని ఒక పిల్ల అడిగింది. ఆయన కాస్త తటపటాయించి, దగ్గర్లో ఉన్న రాయి చూపించాడు. పాపం, ఆయన తప్పేముంది? నిజం చెప్పే పుస్తకం ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

అక్కడ దొరికిన ఇక్ష్వాకు శాసనాల్లో ఒక్కదానిలోనూ మాధ్యమిక దార్శనికుడు నాగార్జునుడి పేరు లేదు. విహారం ఏ శాఖ భిక్షువులదో, ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏట కట్టారో, ఎవరి ఖర్చో అవి విడమరచి చెబుతాయి. ఆయన్ను మాత్రం తలచవు. అలాగని ఆయన ఇటు రాలేదని కొట్టేయడానికీ లేదు. ఆయన శ్రీపర్వతం మీద ఉన్నాడని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. ఈ లోయ శాసనాల్లోనూ శ్రీపర్వతం పేరుంది. ఆయన స్నేహితుడు శాతవాహన రాజంటారు. శాతవాహన విజయ శాతకర్ణి శాసనం ఒకటి ఈ లోయలోనే దొరికింది. జగ్గయ్యపేట శాసనంలో నాగార్జునాచార్యుడని ఒకరి పేరుంది గానీ ఆ లిపి శతాబ్దాల తర్వాతిది. ఆయన మరొకరు కావచ్చు. తేలని సంగతి తేలనట్టే చెబితే పిల్లలకు ఆసక్తి చస్తుందనుకోవడం పొరపాటు. రాయి ఏదని అడిగిన ఆ పిల్ల ఈ చిక్కుముడి విప్పడానికి ఇంకో పది ప్రశ్నలు అడిగి ఉండేది.

ఇంకో వివాదం ఇంతకన్నా చేదుది. శంకరాచార్యులు అనుచరులతో వచ్చి ఈ విహారాలను కూలగొట్టారని అక్కడివాళ్లు చెప్పుకునే మాటను లాంగ్‌హర్స్ట్ 1938లో అచ్చయిన తన గ్రంథంలో ఎక్కించాడు. ఆ వాక్యాన్ని పట్టుకుని ఒకరు, దాన్ని తిట్టడానికి మరొకరు నేటికీ తగువులాడుతూనే ఉన్నారు. ఇక్ష్వాకుల శాసనాలు నాలుగో శతాబ్దం మొదటి పాదంతో ఆగిపోతాయి. శంకరులది ఎనిమిదో శతాబ్దమని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. రాజులు పోయి, విహారాలకు ఇచ్చే చేతులు కరువయ్యాక గడిచిన ఆ నాలుగు వందల ఏళ్ల సంగతి తగువులాడేవాళ్లు అడగరు. తవ్వకాల్లో తేలిన మాట వేరే ఉంది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, కార్తికేయుణ్ని కొలిచాడు. ఆయన సొంత చెల్లెలు చాంతిశ్రీ మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు స్తూపం కట్టింది. తగువుకు పనికిరాదనేమో, ఇంత గొప్ప సంగతి మన పిల్లల పాఠాల్లో సరిగా కనిపించదు.

నాకైతే ఆ లోయలో అందరికన్నా ఇష్టమైన మనిషి బోధిశ్రీ. రాణి కాదు. గోవగామపు గృహస్థుల ఇంటి ఉపాసిక. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఏలుబడిలో 14వ ఏట చుళ్లధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, దానం శాసనంలో చెక్కించింది. ఆ భిక్షువుల గురువులు కాశ్మీరం, గాంధారం, చీనా, యవన, వంగ, ద్రవిడ దేశాలను ధర్మం వైపు తిప్పారని రాయించింది. అక్కడితో ఆగకుండా తాను ఎక్కడెక్కడ ఏం కట్టించిందో లెక్క అప్పజెప్పింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పూర్వశైలుల దగ్గర చెరువు, కంటకశైలంలో, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. పదిహేడు వందల ఏళ్ల కింద ఒక గృహిణి పెట్టిన ఖర్చుకు లెక్క నేటికీ చదువుకోవచ్చు. ఈ అరవై ఏళ్లలో దీవి మీద ఏది బాగుచేశారో, ఏది కూలనిచ్చారో అంత తేటగా చెప్పే రాయి ఒకటి ఆ ఒడ్డున నిలబెట్టండి.

మిమ్మల్ని ఇంకా పొగడాలి. అవతలి ఒడ్డున 2022 మే 14న తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల బుద్ధవనాన్ని ప్రారంభించింది. నిజంగా అందమైన చోటది. 2023 నవంబరు 29 రాత్రి ఆంధ్ర ప్రభుత్వం సాగర్ డ్యామ్ మీదికి పోలీసులను పంపి, తెల్లారేసరికి 26 గేట్లలో 13 తన చేతిలోకి తీసుకుంది. రైతుల నీటి కోసం చూపిన పట్టుదలను నేను తప్పుపట్టను. కొత్త బుద్ధుడికి అంత నేల ఇవ్వగలిగారు, నీటి వాటా కోసం ఒక్క రాత్రిలో కదలగలిగారు. మరి ఇద్దరి నడుమ నీళ్లలో నిలిచిన ఆ పాత దీవి కోసం రెండు రాష్ట్రాలూ ఒక బల్ల దగ్గర కూర్చోలేవా?

మా సంగతీ చెప్పాలి. అనుపు ఇటుకల మీద పేర్లు గీకింది ఢిల్లీవాళ్లు కాదు, మన పిల్లలే. ఏ సున్నపురాయి మీద ఆ శిల్పులు బుద్ధుడి కథలు చెక్కారో, ఆ పలనాటి రాయిని బట్టీల్లో కాల్చి, నాపరాళ్లుగా కోసి అమ్ముకుని బతుకుతున్నాం. బతుకుతెరువును తప్పనను. అందులో ఒక్క వంతు ప్రేమ ఆ చెక్కిన రాళ్ల మీదా ఉంటే చాలుననిపిస్తుంది. సాగర్‌ను కూడా నేను తిట్టను. కుడి కాలువ పలనాడుకు అన్నం పెట్టింది. కానీ మా వెల్దుర్తి మెట్టకు ఆ నీళ్లు ఎక్కలేదు. వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. నీటి కోసం లోయను వదులుకున్న చోటికి పక్కనే ఉండి, ఆ నీటి కోసమే ఇన్నేళ్లు ఎదురుచూసినవాళ్లం. మునిగినదాని బరువెంతో మాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కాబట్టి చేతనైనవాళ్లుగా ఈ పనులు చేయండి. దీవికి లాంచీ తప్ప దారి లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తర్వాత రాష్ట్రంలో పడవలు ఆగిపోయినప్పుడు మ్యూజియం ఉండీ లేనట్టే అయింది. భద్రత చూసుకునే లాంచీని, నీటిమట్టం అనుమతించిన ప్రతి రోజూ, చెప్పిన వేళకు నడపండి. వెల్దుర్తి నుంచి పొద్దున బస్సెక్కిన బడిపిల్లలు మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరేసరికి లాంచీ రేవులో ఉండాలి. చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. ఆ రెండు సంపుటాలను తెలుగులోకి తెప్పించి పలనాడులోని ప్రతి హైస్కూలుకూ ఒక్కో ప్రతి పంపండి. అనుపులో తేలిన సంగతులు ఇవి, తేలనివి ఇవి అని రాసి పెట్టిన బోర్డు నిలబెట్టండి. ఆ మేష్టారు ఈసారి పిల్లలను తీసుకొచ్చినప్పుడు వెతుక్కుని ఏదో ఒక రాయి చూపించే అవసరం ఆయనకు ఉండకూడదు.