ఆర్డరు నంబరు ఇండెక్సు ఆత్మకథ

నేను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక ఇండెక్సుని. బీ-ట్రీ వంశం. మా నిర్మాణం గురించి బాయర్, మెక్‌క్రైట్ రాసిన పేపరు 1972లో అచ్చయింది. నా ఒళ్ళంతా 8 కిలోబైట్ల పేజీలే. ఆర్డర్ల టేబుల్లో ఆర్డరు నంబరు మీద నన్ను కట్టారు.

ఆర్డరు నంబరు పుట్టాక మారదు. ఒక్కో ఆర్డరుకు ఒక్క ఎంట్రీ రాసుకుని హాయిగా ఉండాల్సినదాన్ని. మరి ఇంత లావెందుకయ్యానంటే, పక్కనున్న స్టేటస్ కాలమ్ వల్ల. ప్యాకయింది, బయల్దేరింది, చేరింది అని అది మారుతూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ పాత వరుసను చెరపదు. దాన్ని ఇంకా ఎవరైనా చదువుతుండొచ్చు కదా! కొత్త రూపాన్ని వేరుగా రాస్తుంది. ఇండెక్సున్న కాలమ్ ఏదీ మారకపోతే, అదే పేజీలో చోటుంటే, మమ్మల్ని కదపకుండానే ఆ పని అయిపోతుంది. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచీ ఈ వెసులుబాటుంది. కానీ ఎవరో మహానుభావుడు స్టేటస్ మీద కూడా ఇండెక్సు కట్టాడు. ఇక అది మారినప్పుడల్లా ఈ టేబుల్ మీదున్న ఇండెక్సులన్నీ కొత్త ఎంట్రీ రాసుకోవాల్సిందే. తిలాపాపం తలా పిడికెడు.

శుభ్రం చేయడానికి వ్యాక్యూమ్ వస్తుంది. సెట్టింగులు ముట్టుకోకపోతే, టేబుల్లో ఐదోవంతు చచ్చిన వరుసలు పోగయ్యేదాకా ఆటోవ్యాక్యూమ్ కదలదు. వచ్చాక మాత్రం, చెత్త ఒక మూలే ఉన్నా ఇల్లంతా ఊడ్చినట్టు నా ప్రతి పేజీ తిరుగుతుంది. చచ్చిన వరుసల చిరునామాల జాబితా మెమరీలో పట్టకపోతే మళ్ళీ మొదటినుంచి! ఒక్కో చిరునామాకు 6 బైట్లు పట్టేవి. మామూలుగా ఇచ్చే 64 మెగాబైట్లలో కోటి పదకొండు లక్షలకు పైగా ఇమిడేవి. 2024లో వచ్చిన 17లో ఆ జాబితాను కుదించి దాచడంతో ఈ రెండో చుట్టు అరుదైంది.

నన్నడిగితే అంతకన్నా మేలు చేసింది 2021 నాటి 14. పాత రూపాల ఎంట్రీలతో పేజీ నిండి చీలబోతుంటే, అక్కడికక్కడే చచ్చినవాటిని ఏరేయడం అందులో మొదలైంది. పేజీ చీలితే మళ్ళీ అతకదు. సగం ఖాళీ పేజీలను ఎవరూ కలపరు, పూర్తిగా ఖాళీ అయినదే తిరిగి వాడకంలోకి వస్తుంది. ఆ వెర్షన్ మా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. ఆపాటికే నేను ఉబ్బిపోయాను. పైగా అకౌంట్స్‌వాళ్ళు గంటల తరబడి నడిపే రిపోర్టు ఒకటుంది. దానికి కనిపించే అవకాశమున్న వరుసలను అది ముగిసేదాకా ఏ వ్యాక్యూమూ ముట్టదు.

ఈమధ్య వచ్చిన డీబీఏ అమ్మాయి, స్టేటస్ ఇండెక్సును ఎన్నిసార్లు వాడారో చూసింది. సున్నా. దాదాపు అన్ని వరుసల్లోనూ ‘చేరింది’ అనే ఉంటే దాన్ని వెతుక్కునేదెవరు? తీసిపారేసింది. టేబుల్ పేజీల్లో కొంత ఖాళీ ఉండేలా ఫిల్‌ఫ్యాక్టర్ కూడా తగ్గించింది.

నా ఫైలు మాత్రం తనంతట తాను చిన్నదవదు. అందుకే ఇవాళ రీఇండెక్స్ పెట్టింది, పనులు ఆగకుండా జరిగే పద్ధతిలో. నా పక్కనే సన్నటి ఇంకో ఇండెక్సు లేచింది. కొత్త ఆర్డర్లను ప్రస్తుతం ఇద్దరమూ రాసుకుంటున్నాం. ముందే మొదలైన ట్రాన్సాక్షన్లు ముగియగానే నా పేరు దానికి పోతుంది, నన్ను తీసేస్తారు. అకౌంట్స్‌వాళ్ళ రిపోర్టు ఇంకా నడుస్తోంది. అదే లేకపోతే మీతో ఇంతసేపు మాట్లాడేదాన్నే కాదు.