చాచా పంచాంగం

చికాగోలో డెవాన్ అవెన్యూ అనే వీధిలో ఒక ముక్కకు గాంధీ పేరు పెట్టారు, ఒక ముక్కకు జిన్నా పేరు, ఇంకో ముక్కకు గోల్డా మేయర్ పేరు. దేశాల దగ్గర కుదరని పంపకం రోడ్డు దగ్గర కుదిరింది. మేకపాలు తాగిన గాంధీగారి బోర్డు కింద కారు ఆపి, మేకమాంసం కొనుక్కోవడానికి వెళ్తాను నేను.

కొట్టు పేరు చెప్పను. చెప్తే ఆదివారం లైను ఇంకా పెరుగుతుంది. పాతబస్తీ నుంచి వచ్చిన కుటుంబం. మాంసం దగ్గర చాచా, గల్లా దగ్గర కొడుకు, వెనక ఐదు బల్లల హోటల్లో పొయ్యి దగ్గర చాచీ, బాస్మతి బస్తాల మీద హోంవర్కు చేసుకుంటూ మనవరాలు.

మొదటిసారి వెళ్లి "రెండు పౌన్ల మటన్" అన్నాను. "ఏది బేటా, మేకా గొర్రెనా?" అన్నాడు చాచా. మనకు రెండూ మటనే. అక్కడ మేక గోటు, గొర్రెపిల్ల లాంబు, ముదురు గొర్రె మాత్రమే మటన్. ఇంజనీరింగు చదివిన నాకు ఈ వరసలు ఒంటబట్టడానికి నెల పట్టింది. పైన 'చేతికోత జబీహా' అని బోర్డు. మెషీను కాదు, మనిషే దేవుడి పేరు తలచుకుని కోసి, రక్తం కారిపోనిచ్చాడని అర్థం. అంత శ్రద్ధగా కోసిన మేక మంచులో బిగుసుకుని కొట్టుకు చేరాక, దాన్ని ముక్కలు చేసేది మాత్రం కరెంటు రంపం. చాచా తొడను అటు తోస్తుంటే ఇటు ముక్కలు పడతాయి, తెల్లటి ఎముక పొడి అంటుకుని. రంపం ఆగాక రెండు చేతులూ ఎత్తి చూపిస్తాడు. "పదీ ఉన్నాయి. నీ తూకంలో ఏమీ కలవలేదు."

ఒక శనివారం వెళ్తే కత్తి పక్కన పెట్టేశాడు. "ఇవాళ మీ ఇంట్లో తినరు కదా?" రేపటికి అన్నాకే రంపం కదిలింది. నాకు జీతం పడే రోజు తప్ప వారం గుర్తుండదు. ఆయనకు గుర్తుండక తప్పదు మరి. శ్రావణంలో సగం మంది, కార్తీకంలో దాదాపు అందరూ మాయమైపోతే మేకలు ఫ్రీజర్లోనే ఉండిపోతాయి. ఏ పంతులు దగ్గరా నేర్చుకోని పంచాంగం అది, నష్టపోయి నేర్చుకున్నది.

ఇద్దరివీ చంద్రుణ్ని నమ్ముకున్న నెలలే, ఏడాదికి సుమారు 354 రోజులే. మనం రెండు మూడేళ్లకోసారి అధికమాసం వేసి సర్దుకుంటాం. వాళ్లు వేయరు కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వచ్చేస్తుంది. "మీరు ఓవర్‌టైం ఇస్తారు, మేము ఇవ్వం" అన్నాడు గల్లా దగ్గరి కొడుకు.

ఆయన కార్తీకం లెక్కపెట్టినట్టే నేను రంజాన్ లెక్కపెడతాను, హలీం కోసం. గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి గంటల తరబడి ఉడికించి మెదిపే ఆ వంటకు హైదరాబాద్ పేరు మీద 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చాచీకి చెప్పి మెప్పు పొందబోయాను. "సర్టిఫికెట్ వచ్చింది, మెదిపేటందుకు మనిషి రాలేదు" అని కర్ర ఘోట్నీ నా చేతిలో పెట్టింది. పది నిమిషాలు మెదిపాను. రెండు రోజులు మౌస్ పట్టుకోలేకపోయాను.

నిరుడు కార్తీకంలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వెంట తెచ్చుకున్న క్యాలెండరు ప్రకారమే దీపాలు. ఇక్కడి టైముకు తిథి మారుతుందని గుడివాళ్లు చెప్పినా వినలేదు. "చంద్రుడు ఒక్కడేరా" అనేది. నెల చివర్లో కొత్తిమీర కోసం కొట్టుకు తీసుకెళ్లాను. చాచా సలాం చేసి, కూర్చోమని కుర్చీ వేసి, వినయంగా అడిగాడు.

"అమ్మా, పోలి స్వర్గానికి ఏ రోజు పోతది? కొందరు గురువారం అంటున్నారు, కొందరు శుక్రవారం అంటున్నారు. మేకలు ఎప్పుడు తెప్పించాలె?"

అమ్మ నోట మాట లేదు. నేనే సర్దిచెప్పాను, చికాగో లెక్కకు గురువారం, తెనాలి లెక్కకు శుక్రవారం అని.

"అయితే రెండు రోజులూ తెప్పిస్తా" అన్నాడు చాచా.

అమ్మ కొత్తిమీర కట్ట సంచిలో వేసుకుని లేచింది. గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లి, నాకు వినపడదనుకుని గొంతు తగ్గించింది.

"సాయిబు గారూ, గురువారానికే ఒక తలకాయ పక్కన పెట్టండి."