ఆశ్వయుజంలో మేపుల్ ఆకులేమిటి?

మా మనవరాలు బడికి వెళ్ళదు, ఇంట్లోనే చదువుకుంటుంది. మా అమ్మాయీ అల్లుడూ కలిసి తీసుకున్న నిర్ణయం అది. చుట్టాలు ముక్కున వేలేసుకున్నా నేను సరేనన్నాను. పధ్నాలుగేళ్ళు నిండాక ఓపెన్ స్కూలు పదో తరగతి పరీక్ష రాయించవచ్చు, ఆ దారి ఉండనే ఉంది. బడి మాన్పించినందుకు నాకేం కోపం లేదు. బడిని తెచ్చి ఇంట్లో కూలేసినందుకే నా బాధంతా.

దసరా దగ్గరపడుతుండగా ఓ పొద్దున పిల్ల బల్ల ముందు కూర్చుని, డబ్బు పోసి తెప్పించిన పాఠాల పుస్తకంలో ఓ మేపుల్ ఆకు బొమ్మకు రంగు వేస్తోంది. అయిదు కొమ్ముల ఆకు, ఎర్ర రంగు. పక్కన ఓ గుమ్మడికాయ, కాయ కొరుకుతున్న ఉడత. ఏమిటే ఇది అంటే, "శరదృతువు అమ్మమ్మా! ఆకులన్నీ ఎర్రబడి రాలిపోతాయి" అంది. ఎక్కడ రాలాయి? కిటికీ తీస్తే నాలుగు నెలల వానకు తడిసిన చెట్లు నిగనిగలాడుతున్నాయి. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో ఆకులు రాలాయని రాసిన పిల్లకు ఆ పుస్తకం పూర్తి మార్కులు వేస్తుంది. కళ్ళకు కనపడేదాన్ని కాదని కాగితం చెప్పేదాన్ని నమ్మడమే నేర్పితే, బడి మాన్పించి లాభమేమిటి?

న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలి పిల్లలు అవే మేపుల్ ఆకులు ఏరుకొచ్చి పుస్తకాల్లో దాస్తారు. అది వాళ్ళ పెరటి పాఠం, సరైన పాఠమే. ఆ పుస్తకం ఎవరి కోసం రాశారో వాళ్ళకు బాగుంటుంది. మా హైదరాబాదు పిల్లకు దాన్ని డబ్బు పోసి తెప్పించడమే నాకు మింగుడుపడనిది.

మా రోజుల్లో శరత్తు ఎలా వచ్చేదో కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూసేది. కాలువ నీటి ఎరుపు విరిగి తేటపడేది. సార్వా చేలు పొట్టమీదికొచ్చి, కంకి పాలు పోసుకునేది. గింజ నొక్కి చూసి పాలా, గట్టిపడిందా అని చెప్పడం ఏడేళ్ళ పిల్లకు కూడా వచ్చు. పులికాట్ పక్కన నేలపట్టుకూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికీ వలస పక్షులు దిగేదీ ఈ రోజుల్లోనే. ఆ ఉడత బొమ్మ బదులు ఈ పక్షుల్లో ఒక్కదాని బొమ్మ ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు.

దసరా అంటే మాకు అయ్యవారితో ఊరంతా తిరగడం. వీధిబడి పిల్లలం రంగు కాగితాలంటించిన గిలకలు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. గిలకలో పువ్వులూ బుక్కాగుండా పోసి ఇంటివాళ్ళ మీద కొట్టేవాళ్ళం. అయ్యవారికి రూపాయి, మాకు పప్పుబెల్లాలు. నలుగురి ముందు గొంతెత్తి పద్యం చెప్పడం అలా వచ్చింది. ఇప్పుడు దానికి వేరే క్లాసు, వేరే ఫీజు. మా పిల్ల ఆ క్లాసులో కంప్యూటర్ తెరకేసి చూస్తూ మాట్లాడుతుంది, ఎదురుగా మనిషే ఉండడు.

అన్నిటికన్నా విడ్డూరం, ఇంటి చదువుకు దసరా సెలవులు. అమ్మాయిని అడిగితే, "పండగ పండగేనమ్మా, చదువు చదువే" అంది. అక్కడే వచ్చింది తంటా అంతా. మా వియ్యపురాలిది వరంగల్. తొమ్మిది రోజులూ బతుకమ్మ పేరుస్తుంది. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడూ గునుగూ వరసలు వరసలుగా, కిందనుంచి పైకి చుట్టు తగ్గిస్తూ కడుతుంది. ఒక్క చుట్టు సరిగా తగ్గకపోయినా పైనంతా ఒరిగిపోతుంది. గుమ్మడిపువ్వు గుండెను తీసి గౌరమ్మను చేస్తుంది. గునుగుకు ఏ రంగు అద్దితే ఎంత పడుతుందో, తంగేడు ఎంతసేపటికి వాడుతుందో ఆవిడకు చేత్తో తెలుసు. నారింజరంగు గుమ్మడికాయ బొమ్మ దిద్దుతున్న పిల్ల, నాయనమ్మ పక్కన గుమ్మడాకు పట్టుకుని కూర్చుంటే చదువు ఆగిపోతుందా?

అట్లతద్ది సంగతి చెబుతాను. ఆశ్వయుజ బహుళ తదియ. ముందురోజు రాత్రి గోరింటాకు. తెల్లవారుజామున నాలుగో జామున లేచి, గోంగూర పచ్చడీ ఉల్లిపాయ పులుసూ పెరుగుతో అన్నం తినేసి, చీకట్లోనే వీధిలోకి పరుగు. ఉయ్యాలలూ దాగుడుమూతలూ అయ్యాక ఇక చంద్రుడొచ్చేదాకా ఉపవాసం. ఆ ఎదురుచూపులోనే నాకు ఖగోళం వచ్చింది. పున్నమినాడు పొద్దు గుంకుతూనే చంద్రుడొచ్చేస్తాడు. ఆ తర్వాత రోజుకు దాదాపు రెండు గడియలు ఆలస్యం. అందుకే తదియనాడు చీకటిపడ్డాక కూడా దాదాపు రెండు గంటలు ఆగాలి. ఆకలి మీదున్న పిల్లకు ఈ లెక్క ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "కొబ్బరిచెట్ల వెనక వెలుగు చూడండే" అనేది. మేం గోడమీద గీతలు గీసి మరీ చూసుకునేవాళ్ళం. మా మనవరాలికి చంద్రకళల పేర్లు ఇంగ్లీషులో వరసగా వచ్చు. చంద్రుడు ఏ దిక్కున వస్తాడంటే మాత్రం ఫోను తీస్తుంది. పన్నెండో అంతస్తులో ఉంటారు, డాబా మీదికెళితే ఆకాశం మా ఊళ్ళో కన్నా పెద్దగా కనపడుతుంది. వెళ్ళరు.

దీపావళికి మా తాతయ్య మతాబులు ఇంట్లోనే చేసేవారు. దసరా వెళ్ళగానే పని మొదలు. జిల్లేడు కాడలు కాల్చి బొగ్గు చేయడం, సూరేకారమూ గంధకమూ దేనికదే వేరుగా నూరి, గుడ్డలో జల్లించి, చేటల్లో ఎండబెట్టడం. చిచ్చుబుడ్లకు కుమ్మరింటినుంచి మట్టి బుడ్లూ, కమ్మరి కొలిమినుంచి ఇనుప రజనూ తెచ్చేవారు. పాత కాగితాలు గంజితో చుట్టి గొట్టాలు చేయడం పిల్లల వంతు. మందు కలపడం, కూరడం మాత్రం తాతయ్యే, మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. తడి తగిలితే ఎందుకు చీదేస్తుందో, ఇనుప రజను పడితే పువ్వులెందుకు రాలతాయో ఆయన ఎండలో కూర్చోబెట్టి చెప్పేవారు. ఇవాళ ఇంట్లో మందు కూరమని నేననను. ప్రమాదం, చట్టమూ ఒప్పదు. కానీ గోగు కాడలకు నూనెగుడ్డ పీలికలు కట్టి దివిటీలు కొట్టడానికేమొచ్చింది? ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినడానికేమొచ్చింది? నాలుగోనాడు నాగులచవితికి చిమ్మిలి దంచడానికి రోలైనా అక్కర్లేదు, మిక్సీ చాలు.

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పను. అయిదో తరగతి కాగానే నన్ను మాన్పించారు, హైస్కూలు కాలువ అవతల ఉందని. అన్నయ్య పడవ దాటి వెళ్ళేవాడు. అది నా ఇష్టం కాదు, ఇంటి చదువూ కాదు, ఆడపిల్లని ఆపేయడం. ఆ కోపం ఇప్పటికీ ఉంది. అందుకే బడి మెట్లెక్కకుండా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువు నేర్చిన భండారు అచ్చమాంబ అంటే నాకు ప్రాణం. 1902లో ఆమె రాసిన కథ పేరు 'ధనత్రయోదశి', దీపావళి ముందు రోజుల కథ.  నా మనవరాలికి ఇల్లు దొరికింది, చదివించే తల్లిదండ్రులు దొరికారు, ఏ కాలువా అడ్డం లేదు. ఇన్ని ఉండి కూడా చూడ్డానికి పరాయి ఊరి ఆకు ఇస్తారా అని నా ఉక్రోషం.

ఇంకోటి. శరత్తంటే మా వైపు పూలూ దీపాలే కాదు, తుఫాను కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 1996 నవంబరు 6న మా కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. 2014లో హుద్‌హుద్ విశాఖను కొట్టింది అక్టోబరు 12నే. గాలి ఈశాన్యానికి తిరిగితే పెద్దవాళ్ళు తలెత్తి మబ్బు చూసేవాళ్ళు, కోతకొచ్చిన చేను గుర్తొచ్చి అన్నం సయించేది కాదు. తెలుగునేల మీద పుట్టిన పిల్లకు ఋతువుల పాఠం చెబుతూ ఈ మాట చెప్పకపోతే ఎలా?

అల్లుడు మంచివాడు. "అత్తయ్యగారూ, మీరే ఒక ప్రణాళిక రాసివ్వండి" అన్నాడు. రాశాను. కార్తీకం పొడుగునా పొద్దున పిల్ల నాది. నీళ్ళు పోసుకుని అరటిదొప్పలో దీపం వదలాలి, ఇక్కడ కాలువ లేదు కనుక తొట్టిలో. క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరికొమ్మ ఎక్కడ దొరుకుతుందో తనే వెతకాలి. వనభోజనానికి కంద తరిగేముందు చేతులకు నూనె రాసుకోవాలని దురద పెట్టకముందే నేర్చుకోవాలి. నెల చివర పోలిపాడ్యమినాడు పోలి కథ చెబుతాను. అత్తగారు నదికి తీసుకెళ్ళని చిన్నకోడలు, పెరట్లో పత్తి తీసి ఒత్తి చేసి, కవ్వానికంటిన వెన్నతో దీపం పెట్టిన కథ.

అమ్మాయి ఆ కాగితం చూసి, "లెక్కలు ఎప్పుడు చెయ్యాలమ్మా?" అని అడిగింది. మధ్యాహ్నాలు నీవే, చెప్పుకో అన్నాను. ఆ మేపుల్ ఆకుల పుస్తకం మాత్రం న్యూజెర్సీ పిల్లలకు పంపించెయ్యమన్నాను.