ఆరో వంతు చేప

బారుకట్టి ఈదే చేపల విషయంలో ‘ఒకటి’ అనే సంఖ్యకు అర్థం లేదు. జీబ్రా డానియో, టైగర్ బార్బ్, డెనిసన్ బార్బ్ వంటి చురుకైన జాతులలో కనీసం ఆరింటిని కలిపి ఒక ప్రాణిగా లెక్కించాలన్నది చేపల పెంపకంలో తొలి పాఠం కనుక, దుకాణంలో ముచ్చటపడి ఒక్క చేపను ప్లాస్టిక్ సంచిలో పట్టించుకొని వచ్చిన గృహస్థు కొన్నది చేపను కాదనీ, చేపలో ఆరో వంతును మాత్రమేననీ చెప్పవలసి ఉంటుంది. ఆ ఆరో వంతు ఫిల్టరు గొట్టం వెనుక నక్కి, మేత వేసినా ఇవతలికి రాక, తక్కిన అయిదు వంతులు వచ్చేదాకా అలకపాన్పు దిగదు. ఒకటికి తోడు మరొకటి తెస్తే సరిపోతుందనుకోవడం అంతకన్నా పొరపాటు. రెండే ఉన్నచోట బలమైనది రెండోదాని రెక్కలు కొరుకుతూ కాలక్షేపం చేస్తుంది. ఎనిమిదీ పదీ ఉన్నప్పుడు ఆ కొరుకుడు అందరికీ తలా కాస్త పంచబడి ఎవరికీ ప్రాణం మీదికి రాదు. ఉమ్మడి కుటుంబాలు అంతకాలం నిలవడానికీ ఇదే కారణమై ఉండవచ్చు.

చేపల సమూహాన్ని శాస్త్రజ్ఞులు రెండుగా విభజిస్తారు. కేవలం తోడు కోసం ఒకచోట చేరి, దేని దిక్కున అది తిరుగుతూ ఉంటే అది గుంపు. అవే చేపలు ఒకే దిక్కుకు తలలు తిప్పి, ఒకే వేగంతో, ఎడం చెడకుండా సాగితే అది బారు. ఈ భేదం స్పష్టపడనివారు పెళ్ళిపందిరిని పరిశీలించవచ్చు: తలంబ్రాలు పోస్తున్నప్పుడు అక్కడ ఉన్నది గుంపు, వడ్డన మొదలైందన్న మాట వినబడిన మరుక్షణం అక్కడ ఉన్నది బారు. పెళ్ళికి వచ్చినవారికి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి, చేపలకు అదీ అక్కరలేదు. చేపకు ఇరుపక్కలా తల దగ్గరి నుంచి తోక దాకా పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఉంటుంది. పక్కచేప కదిలినప్పుడు నీటిలో పుట్టే సన్నని ఒత్తిడిని ఆ రేఖలోని సూక్ష్మమైన రోమకణాలు పసిగట్టి, ఎటు తిరగాలో చెబుతాయి. తాత్కాలికంగా కళ్ళు కనబడకుండా చేసిన సముద్రపు చేపలు సైతం తోటివాటితో బారు కలిపి ఈదగలిగాయని 1976లో వెలువడిన ఒక ప్రయోగం నిరూపించింది.

ఈ క్రమశిక్షణను చూపించి పిల్లలకు ఐకమత్యం బోధించే తండ్రులు దాని కారణాన్ని మాత్రం ఆరా తీయకపోవడం మంచిది. 1971లో డబ్ల్యు.డి. హామిల్టన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ‘స్వార్థపు మంద’ సిద్ధాంతం ప్రకారం, మందలోని ప్రతి జీవీ తనకూ వేటాడే జంతువుకూ మధ్య ఇంకొక జీవి ఉండేటట్లు చూసుకొంటుంది. అందరూ ఒకేసారి ఆ పని చేయడం వల్ల మంద దగ్గరపడుతుంది. లెక్కల మాస్టారు బోర్డు వైపు నుంచి ఇటు తిరిగి ప్రశ్న వేసినప్పుడు ముందు బెంచీవాడి వీపు వెనుక ఒదిగి కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఈ సిద్ధాంతాన్ని వివరించనవసరం లేదు. (జీబ్రా డానియోను 1822లో శాస్త్రలోకానికి వర్ణించి చెప్పిన ఫ్రాన్సిస్ హామిల్టన్ వేరు, ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపనక్కరలేదు.)

చురుకైన చేపకు తొట్టి ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. పొట్టి తొట్టిలో అది తోక నాలుగుసార్లు ఆడించేసరికి ఎదురు అద్దం వచ్చేస్తుంది. ఈ కారణం చేత మూడడుగులతో మొదలైన గృహస్థు సంకల్పం నాలుగడుగులై, ఆ తరువాత దుకాణదారు నోట పడి, ఆరడుగుల దగ్గర గాని ఆగదు. ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టి అంచుదాకా నిండితే సుమారు 680 లీటర్లు పడుతుంది. లీటరు నీరు కిలో తూగుతుంది కనుక, గాజునూ ఇనుప స్టాండునూ వదిలేసినా, 25 కిలోల బియ్యం బస్తాలు 27 హాల్లో ఒకే మూలన పేర్చినదానితో ఇది సమానం. నివాసగృహాల నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోయాలని భారతీయ ప్రమాణాలు లెక్కకట్టాయి. ఈ తొట్టి తన కాళ్ళకింది స్థలం మీద దానికి మూడు రెట్లు మోపుతుంది. కనుక దూలం మీదుగా, గోడను ఆనుకొని పెట్టాలని ఇంజనీరు చెబుతాడు. నీరు ఈశాన్యాన ఉండాలనీ, బరువు నైరుతిలో ఉండాలనీ వాస్తు చెబుతుంది. 680 లీటర్ల నీరు ఏకకాలంలో నీరూ బరువూ కూడా అయినందువల్ల ఏర్పడే ధర్మసంకటాన్ని ఏ శాస్త్రకారుడూ పరిష్కరించినట్లు కనబడదు. ఆచరణలో ప్లగ్గు ఉన్న గోడే గెలుస్తుంది.

తొట్టి నిండిన తరువాత కొన్ని వారాల పాటు అందులో చేపలు ఉండవు. చేపల మొప్పల నుంచి వెలువడే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైటుగానూ, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగానూ మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పంజిలో కాపురం పెట్టేదాకా ఆగవలసి ఉంటుంది. ఈ కాలమంతా ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ‘చేపలేవి?’ అని అడగడమూ, గృహస్థు బ్యాక్టీరియా పెంచుతున్నానని జవాబివ్వడమూ, బంధువు గృహిణి వైపు జాలిగా చూడడమూ జరుగుతుంటాయి.

అన్నిటిలోనూ డెనిసన్ బార్బ్ కథ వేరు. వ్యాపారులు ‘మిస్ కేరళ’ అని పిలిచే ఈ చేప పడమటి కనుమల వడిగల సెలయేళ్ళలో తప్ప మరెక్కడా సహజంగా పుట్టదు. ముట్టె నుంచి నడుము దాకా సాగే ఎర్రని చార, దాని కింద తోకదాకా పోయే నల్లని చార దీని గుర్తులు. మలయాళంలో చెంకణియాన్ అనే సొంత పేరున్న ఈ చేపకు, మద్రాసు ప్రభుత్వ కొలువులో వైద్యుడుగా ఉండి చేపలతో ఎక్కువ కాలం గడిపిన ఫ్రాన్సిస్ డే 1865లో నాటి మద్రాసు గవర్నరు విలియం డెనిసన్ పేరు పెట్టాడు. ప్రజాతికి సహ్యాద్రి పేరు 2013లో గాని రాలేదు. ఇప్పుడది సహ్యాద్రియా డెనిసోని, అంటే ఇంటిపేరు కొండది, సొంత పేరు దొరది. అందానికి మూల్యంగా వాగుల నుంచి విపరీతంగా పట్టబడి ఎగుమతి కావడంతో అంతరించే ప్రమాదం ఉన్న జాతుల ఎర్రజాబితాకు ఎక్కింది కనుక, కొనేవారు తొట్లలో పొదిగించిన పిల్లలనే అడిగి తీసుకోవాలి. ఇందులో హాస్యం లేదు.

మద్రాసు గవర్నర్లు వేసవికి ఊటీ వెళ్ళే ఆచారం ఉండేది. గవర్నరు పేరు పెట్టుకొన్న చేపకూ ఆ అలవాటు అబ్బినట్లుంది. 25 డిగ్రీలు దాటిన నీటిలో దానికి సుఖం లేదు. మే నెలలో విజయవాడలోనో, వరంగల్లులోనో నీరు 30 దాటడానికి తొట్టిని ఎండలో పెట్టనక్కరలేదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు కరగగలిగితే, 30 వద్ద ఏడున్నరకు మించి కరగదు. ఊరికే కూర్చోని చేపకు ఊపిరి ఎక్కువ కావాలి కనుక గృహస్థు నీటి మీదికి ఫ్యాను తిప్పుతాడు. నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అయితే ఫ్యాను గాలి తగలాలంటే మూత తీయాలి, మూత తీస్తే ఈ జాతులన్నీ ఎగిరి నేలమీద పడతాయి. చివరకు కిటికీకి కొట్టవలసిన దోమల మెష్ తొట్టికి ఎక్కుతుంది. చేపలకు ఫ్యానూ, దోమతెరా అమరిన ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మొదట ఎవరి గదికి పనిచేయాలన్నది కుటుంబం లోపలి వ్యవహారం.

ఇంతటి శ్రమకూ ప్రతిఫలం బారు. ఇక్కడే ప్రకృతి గృహస్థును మోసం చేస్తుంది. బారు భయం వల్ల పుడుతుందని పైన చెప్పబడింది. కొత్త నీటిలో దిగిన తొలి వారం చేపలు సైనిక కవాతు వలె ఈదడానికి కారణం ఆనందం కాదు, బెదురు. నీరు కుదిరి, మేత అమరి, తమను తినేవాడెవడూ లేడని రూఢి అయిన కొద్దీ బారు చెదిరి గుంపవుతుంది. ఒకటి మొక్క దగ్గర, ఇంకొకటి ఫిల్టరు ధార కింద, మిగిలినవి ఎటు తోస్తే అటు. చూడడానికి వచ్చినవారు ఇవేనా బారుకట్టే చేపలని అడుగుతారు. పెంపకం ఎంత బాగా కుదిరితే ప్రదర్శన అంతగా పాడవుతుందన్న సంగతి వారికి నచ్చజెప్పడం కష్టం.

తిరిగి బారు కట్టే సందర్భం వారానికొకటి ఉంది. ఫిల్టరు తొలగించలేని నైట్రేటు పోవడానికి వారానికి పావు వంతు నీరు మార్చాలి. అంటే 15 లీటర్ల బకెట్లు సుమారు 11 బయటికి మోయడం, సంపులోంచి 11 లోపలికి మోయడం, క్లోరిన్ విరగడానికి హైపో కలపడం, అనగా ఫోటోలు కడిగే చీకటిగదుల్లో వాడిన ఆ సోడియం థయోసల్ఫేటునే కలపడం. గృహస్థు చెయ్యి మోచేతి దాకా నీటిలో దిగగానే, తమ కాలం తీరిందని నమ్మిన చేపలన్నీ క్షణంలో దగ్గరపడి, తలలు ఒక్క దిక్కుకు తిప్పి, ఎర్రచారలు ఒక్క గీతగా కలిసేటట్లు ఈ చివరి నుంచి ఆ చివరికి సాగుతాయి. ఇంటిల్లిపాదీ, పొరుగింటివారూ సోఫాలో కూర్చుని చూస్తారు. గృహస్థు ఆ సమయంలో తొట్టికి వీపు తిప్పి, మోకాళ్ళ మీద వంగి, నీరు అందుకోవడానికి పైపు నోట పెట్టుకొని, బకెట్టు అడుగు వైపు చూస్తూ ఉంటాడు.