రెండు బాణాల మెసేజ్

మీ చుట్టాల వాట్సాప్ గ్రూపులో కూడా ఒకడు ఉండే ఉంటాడు. ఎవరు ఏది పెట్టినా కింద "ఇది అబద్ధం" అని పెట్టేవాడు. వాణ్ణి పెళ్ళికి పిలవాలంటే జంకు, పిలవకపోతే ఇంకా జంకు. సోలాపూర్, భివండి, సూరత్, సిరిసిల్ల, కరీంనగర్ దాకా పరుచుకున్న మా పద్మశాలి బంధుగణంలో ఆ మహానుభావుణ్ణి నేనే. ఈ పదవి నాకెవరూ ఇవ్వలేదు. నేనే తీసుకుని కూర్చున్నాను.

మేముండేది సోలాపూర్ హోట్గి రోడ్డులో. ఇంటి వెనక మగ్గాల చప్పుడు, ఈమధ్య ఇంటి మీద విమానాల చప్పుడు. తువ్వాళ్ళ కార్ఖానాలో లెక్కలు రాస్తాను. తువ్వాలు చేతిలో పెడితే బరువు చెప్తాను. పానిపట్‌లో నేసి సోలాపూర్ చాదర్ పేరుతో అమ్మేదాన్ని తడిమి చూసి పట్టేస్తాను. అక్కడే చెడింది. గుడ్డలో నకిలీ పట్టేవాడు మాటలో నకిలీ పట్టలేడా అని ఒక అహంకారం తలకెక్కింది.

"హోట్గి రోడ్డు నుంచి విమానాలు మొదలైతున్నయట" అనే మెసేజ్ ఏళ్ళ తరబడి తిరిగేది. వచ్చినప్పుడల్లా కింద "అబద్ధం" అని పెట్టేవాణ్ణి. విమానాలకు అడ్డమని 2023 జూన్‌లో సిద్ధేశ్వర్ చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ కూల్చారు, ఆ దుమ్ము ఇంకా సర్దుకోకముందే మళ్ళీ "అబద్ధం" అనే పెట్టాను. 2025 జూన్‌లో గోవా విమానం లేచిన రోజు మా ఇంటామె డాబా మీది నుంచి పిలిచింది. "ఏమయ్యా, నీ అబద్ధం పోతున్నది, జెర పైకొచ్చి చూడు."

అది వేరే సంగతి. చెప్పొచ్చేది మా బావ గురించి. బావ అంటే మా ఇంటామెకు అన్న, భివండిలో ఉంటాడు. మనిషి వెన్న. ఒకనాడు పొద్దున్నే మరాఠీలో ఒక మెసేజ్ పెట్టాడు. ముక్కులో గొట్టాలతో ఒక పసిపాప ఫోటో. ఫలానా పెద్ద కంపెనీ ఈ మెసేజ్ ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ పాప ఆపరేషన్‌కు ఒక రూపాయి ఇస్తుందట. గుండె ఉన్నవాళ్ళు పంపుతారట, లేనివాళ్ళు డిలీట్ చేస్తారట.

ఇందులో ఉన్న సుఖం చూడండి. డబ్బు కంపెనీది, పుణ్యం మనది, ఖర్చు బొటనవేలిది. పాపం కర్ణుడు ఒంటిమీది కవచం కోసి ఇచ్చుకున్నాడు. మా బావకు ఆ బాధ లేదు, చాయ్ తాగుతూనే దానకర్ణుడైపోయాడు. నాకు కోపం వచ్చింది ఆ పాప కోసమేనని అప్పట్లో అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే అంత సులువుగా బావ గొప్పవాడైపోవడం నాకు నచ్చలేదు.

ఈ రకం మెసేజ్‌లు మనకు కొత్తవా? మా నాయన కాలంలో తిరుపతి వెంకన్న కరపత్రాలు వచ్చేవి. గుళ్ళో పాము కనిపించింది, మనిషి రూపంలో మాట్లాడింది, వెయ్యి కాగితాలు అచ్చేయించి పంచినవాడికి లాటరీ తగిలింది, చించినవాడికి నష్టం వచ్చింది. మా నాయన దాన్ని చించే ధైర్యం లేక, అచ్చేయించే పైసలు లేక, దేవుడి పటం వెనక దోపాడు. అందులో కనీసం అచ్చాఫీసు వాడికి నాలుగు రూపాయలు ముట్టేవి.

కంప్యూటర్లు వచ్చాక పాము పోయి బిల్ గేట్స్ వచ్చాడు. 1997 నవంబరులో అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ కుర్రాడొకడు సరదాకి బిల్ గేట్స్ పేరుతో ఒక ఉత్తరం సృష్టించాడు. ఈమెయిల్ ఎక్కడెక్కడికి పోతుందో పరీక్షిస్తున్నాం, వెయ్యిమందికి చేరితే తలా వెయ్యి డాలర్లు ఇస్తాం అని దాని సారాంశం. అది ప్రపంచం చుట్టేసింది. ఆ కాలంలోనే ఇంకొకటి: ఏడేళ్ళ పాపకు క్యాన్సర్, ఈ ఉత్తరం పంపిన ప్రతిసారీ అమెరికన్ క్యాన్సర్ సొసైటీకి మూడేసి సెంట్లు అందుతాయని. అది ఒట్టి కల్పన అని సొసైటీ వాళ్ళే ప్రకటించాల్సి వచ్చింది. మూడు సెంట్లు మన దగ్గరికి వచ్చేసరికి రూపాయి అయింది, అంతే తేడా.

ఇదంతా గ్రూపులో రాశాను. ఇంకా చాలా రాశాను. వాట్సాప్‌లో 2016 నుంచి ప్రతి మెసేజ్‌కూ తాళం ఉంటుంది, పంపినవాడూ అందుకున్నవాడూ తప్ప లోపల ఏముందో కంపెనీ కూడా చదవలేదు, మరి రూపాయలు లెక్కపెట్టేదెవడు అని నిలదీశాను. మా కార్ఖానా బ్యాలెన్స్ షీటు కూడా అంత శ్రద్ధగా రాసి ఎరగను. జనానికి అర్థం కావాలి కదా అని ముందుగా బావ పెట్టిన మెసేజ్‌ను తెలుగులోకి మార్చి పూర్తిగా పెట్టి, పాప ఫోటో జోడించి, ఆ కింద నా ఖండన మొదలుపెట్టాను. చివర "తమ సేవలో" అని సంతకం.

మా బంధువుల్లో తెలుగు మాట్లాడనివాడు లేడు గానీ, సోలాపూర్‌లో మరాఠీ బడుల్లో చదివిన పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చిన పెద్దలకు కళ్ళజోడు ఎక్కడుందో గుర్తురాదు. అయినా తెలుగులోనే రాశాను. మాతృభాషాభిమానం. రెండు నమస్కారాలు వచ్చాయి. సూరత్ పిన్ని "జై మార్కండేయ" అని పెట్టింది. గెలిచాననుకున్నాను.

వారం తిరక్కముందే కరీంనగర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అదే పాప, అదే రూపాయి, ఈసారి చక్కటి తెలుగులో. పైన రెండు బాణాల గుర్తు, "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని. ఎవడ్రా ఇంత శుద్ధంగా రాసింది అని కిందికి లాగి చూస్తే చివర "తమ సేవలో".

మా అమ్మాయిని పిలిచి చూపించాను. అది ఒక్క చూపు చూసి, "బాపూ, మెసేజ్ పొడుగైతే 'రీడ్ మోర్' అని వస్తది. దాని కింద ఏమున్నదో ఎవరు చూస్తరు? పైన ఉన్నదే చదివి పంపిన్రు. అక్షరాలు రానోళ్ళు ఫోటో చూసి పంపిన్రు" అంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళు చదివి చేస్తారని నమ్మినవాణ్ణి బహుశా ఈ దేశంలో నేనొక్కణ్ణే.

మీకు మాత్రమే చెప్తున్నాను, ఆ రెండు బాణాలు చూసినప్పుడు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. చేతులు కనీసం ఐదు మారితే గానీ ఆ గుర్తు పడదు. నేను రాసినదేదీ అంతకుముందు మా వీధి మలుపు దాటలేదు.

ఇలాంటి అబద్ధాలు టాటాలకు బాగా తగులుకుంటాయి. ఎందుకంటే వాళ్ళు నిజంగా ఇస్తారు. జంషెడ్జీ టాటా కూడా మాలాగే గుడ్డల మిల్లులు నడిపినవాడే. 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచి, 1886లోనే కార్మికులకు పింఛను నిధి పెట్టాడు. ఇప్పటికీ టాటా సన్స్‌లో 66 శాతం వాటా టాటా ట్రస్టులదే. కరోనా మొదట్లో, 2020 మార్చి 28న, ట్రస్టులు 500 కోట్లు, టాటా సన్స్ 1000 కోట్లు ప్రకటించాయి. ఇంత నిజం ఉన్నచోట అబద్ధానికి అద్దె లేకుండా ఇల్లు దొరుకుతుంది. 2021లో "టాటా గ్రూప్ 150వ వార్షికోత్సవం, ప్రశ్నలకు జవాబు చెప్తే కారు" అని ఒక లింకు తిరిగింది. మాకు సంబంధం లేదు, నొక్కకండి అని టాటా వాళ్ళు చెప్పారు. వాళ్ళు చెప్పేదాకా ఎందుకు, కంపెనీ పుట్టింది 1868లో, 150 కలిపితే 2018. మూడేళ్ళు ఆలస్యంగా ఎవడైనా పుట్టినరోజు చేసుకుంటాడా? ఈ కూడిక నేనే చేశాను. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు.

2023 ప్రపంచకప్ అప్పుడు ఇంకొకటి. అఫ్ఘానిస్తాన్ ఆటగాడు రషీద్ ఖాన్‌కు రతన్ టాటా పది కోట్లు ఇస్తున్నాడని. మా బావ పొంగిపోయాడు. అక్టోబరు 30న రతన్ టాటాయే స్వయంగా, ఏ ఆటగాడికీ బహుమతి మాటే నేను ఎత్తలేదు, క్రికెట్‌తో నాకు సంబంధమే లేదని చెప్పాడు. ఆ వార్త ముక్క బావకు పంపాను, "ఇప్పుడేమంటవు బావా?" అని.

వెంటనే ఫోన్ చేశాడు. గొంతులో భక్తి. "చూసినవా బావా, ఎంత పెద్ద మనసు! ఇచ్చి కూడా ఇయ్యలేదంటున్నడు!"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి. నా దగ్గర లేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఇంటామె మాత్రం అన్న పక్షమే. "మా అన్న మందికి మంచి జరగాలని పంపుతడు. నువ్వు మా అన్నకు తెలివి లేదని చెప్పటానికి పంపుతవు."

ఈ ఇంట్లోనైనా జ్ఞానం నాటాలని ఒక రాత్రి భోజనాల దగ్గర కంపెనీల చట్టం మొదలుపెట్టాను. కంపెనీ దానం ఫార్వర్డ్‌ల మీద నడవదమ్మా, దానికో పద్ధతి ఉంది. 2013 చట్టంలో 135వ సెక్షన్. నెట్‌వర్త్ 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, ఏదో ఒకటి అందుకున్న కంపెనీ గడిచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఎక్కడ పెట్టిందో వార్షిక నివేదికలో రాయాలి. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. చెప్తూ చెప్తూ పప్పు చల్లారబెట్టుకున్నాను.

"మన ఇంటికి కూడా ఉంటదా ఆ చట్టం? ఉంటే ఆ రెండు శాతం నా చేతికియ్యి" అంది ఇంటామె.

మా అమ్మాయి ఫోన్‌లో లెక్క వేసింది. "గడిచిన మూడేళ్ళ సగటు మైనస్‌ల ఉన్నదమ్మా. బాపుకు చట్టం తగలది."

ఇంతలో కుట్టు మిషన్ల మెసేజ్ వచ్చింది. ఒక కంపెనీ ఆడవాళ్ళకు ఉచితంగా కుట్టు మిషన్లు ఇస్తోంది, లింకు నొక్కి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నింపండి అని. ఇది పుణ్యం రకం కాదు, జేబు కోసే రకం. మా ఇంటామె వీధి ఆడవాళ్ళ భిశికి, అంటే చీటీకి, లెక్కలు చూస్తుంది. అందులో సగం మంది బీడీలు చుట్టేవాళ్ళు. వీళ్ళను రక్షించాల్సిన సమయం వచ్చిందని భిశి రోజు నాలుగు కాగితాల ఉపన్యాసం రాసుకుని కూర్చున్నాను. నన్ను చూసి వాళ్ళు కొంగులు సర్దుకున్నారు తప్ప ఎవరూ వినే ముఖం పెట్టలేదు. అప్పటికే పని అయిపోయిందట.

ఎలా అయిపోయిందంటే, మెసేజ్ తెచ్చినామెను మా ఇంటామె అడిగింది. "ఎవరింటికొచ్చింది మిషను? పేరు చెప్పు, ఆటో పైసలు నేనిస్త, పోయి చూసొద్దాం." పేరు దొరకలేదు. ఆమె అక్కకు ఫోన్ చేస్తే అక్క తోడికోడలు పేరు చెప్పింది, తోడికోడలు ఇంకెవరినో చెప్పింది. మధ్యాహ్నానికి కథ ముగిసింది.

అక్కడే ఉన్న ఒక పెద్దమ్మ కుంభారి రేనగర్‌లో ఇల్లు వచ్చినామె. అసంఘటిత కార్మికుల కోసం కట్టిన ముప్పై వేల ఇళ్ళ కాలనీ అది. 2024 జనవరిలో మొదటి పదిహేను వేల ఇళ్ళు అప్పజెప్పారు. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూనే అంది. "ఇల్లు కోసం ఎన్నేండ్లు మోర్చాలల్ల నడిచినమో. నా వాటా నేను కట్టిన. కాగితాలకు చెప్పులరిగినయి. వేలు నొక్కితే మిషనొస్తదంటే ఎట్ల నమ్ముతమే?" నా నాలుగు కాగితాల్లో ఉన్నదంతా అదే. నేను మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే మా ఇంటామె భిశి గ్రూపులో ఒక వాయిస్ పెట్టిందట. నాకు తెలీదు. నారళీ పున్నమికి మార్కండేయుడి రథం ఊరేగింపు చూసి ఇంటికొచ్చి ఫోన్ తీస్తే, సూరత్ పిన్ని దగ్గర్నుంచి ఒక వాయిస్ వచ్చి ఉంది. రెండు బాణాల గుర్తుతో. నొక్కాను. వెనక మగ్గాల చప్పుడు, ముందు మా ఇంటామె గొంతు, సగం తెలుగు, సగం మరాఠీ:

"బాయిలారా, ఇచ్చేటోడు మన బ్యాంకు నంబరు ఎందుకడుగుతడే? ముందు వచ్చినోళ్ళ ఇల్లు చూపియ్యమను."

అంతే. రీడ్ మోర్ లేదు, చరిత్ర లేదు, బిల్ గేట్స్ లేడు. అక్షరాలు రాని పిల్లలకూ కళ్ళజోడు దొరకని పెద్దలకూ ఒక్కలాగే అందింది. కింద పిన్ని రాసింది: "ఎవరో గానీ మస్తు చెప్పింది. నువ్వు కూడా ఇట్ల చెప్పుడు నేర్చుకో బిడ్డా."

ఎవరో కాదు, నా పెళ్ళామే అని రాద్దామనుకున్నాను. ముందు నాలుగు గ్రూపులకు పంపుదామని చూస్తే వాట్సాప్ ఒప్పుకోలేదు. రెండు బాణాల మెసేజ్‌ను ఒకేసారి ఒక్కరికే పంపనిస్తుంది, 2020 నుంచి ఉన్న నిబంధన. ఆ ఒక్కరు ఎవరా అని వెతుకుతూ బావ పేరు దగ్గర వేలు ఆపాను. ఇప్పటికైనా తెలుసుకుంటాడు.

"మా అన్నకు పంపకు" అంది వంటింట్లోంచి, నా వైపు చూడకుండానే. "ఆయనకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన. సరేనమ్మా అన్నడు."