ఆయ్, ఇంతకీ హీరోకి ఏం కావాలండీ?

ఈమధ్య మా గోదావరి మీద సినిమా తీయడం మహా తేలికైపోయింది. ఒక డ్రోను ఉంటే చాలు. అది రావులపాలెం వంతెన మీదుగా ఎగిరి, కొబ్బరితోటల మీద రెండు చుట్లు తిరిగి, ఓ పెంకుటింటి ముందు దిగుతుంది. అరుగు మీద హీరోగారు పడుకుని ఉంటారు. బామ్మ తిడుతుంది. ఆయన ఒళ్లు విరుచుకుని “ఆయ్” అంటారు. పాత్ర పరిచయం పూర్తయింది. ఆపైన ఆత్రేయపురం పూతరేకులు, భీమవరం కోడిపందేలు, జగ్గన్నతోట ప్రభలు, పులస పులుసు వరసగా వచ్చి దండం పెట్టి వెళ్తాయి. కథేదండీ అంటే దర్శకుడుగారు నొచ్చుకుంటారు. “నేటివిటీ చూడండి” అంటారు.

చూశామండి. పొద్దున్న లేస్తే మాకు కనబడేది అదే. టికెట్టు కొన్నది మనిషిని చూద్దామని. ఆ మనిషికి ఏం కావాలో రెండున్నర గంటలైనా ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు. విలన్‌గారు హైదరాబాదు నుంచి స్కార్పియోల్లో దిగబట్టి సరిపోయింది గానీ, ఏలూరు దగ్గర టైరు పంక్చరై ఆగిపోయి ఉంటే హీరోగారు ఇంకా ఆ అరుగు మీదే ఉండేవారు.

బద్ధకస్తుడితో కథ నడవదా అంటే, ఎందుకు నడవదు? 1986లో వంశీ ‘లేడీస్ టైలర్’ తీశారు. అందులో సుందరానికి పనంటే ఒళ్లొంగదు. కానీ అదృష్టం మాత్రం కావాలి. కుడితొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లని చేసుకుంటే దశ తిరుగుతుందని జోస్యం విన్నాడు. అంతే, గంటసేపు మిషను తొక్కలేనివాడు ఆ మచ్చ కోసం ఊరంతా తిరిగాడు, అబద్ధానికి అబద్ధం అతికి కుట్టాడు. వాడి చోట ఓ కష్టజీవిని కూర్చోబెట్టండి. జాకెట్లు కుట్టుకుంటాడు, సినిమా పది నిమిషాల్లో ముగుస్తుంది.

మొక్కపాటివారి నవలలో పార్వతీశానిది మొగల్తూరు. బారిస్టరు కావాలన్న కోరిక కొండంత, లోకజ్ఞానం సున్నా, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. ఈ మూడూ కలిశాయి గనకే మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొని ఠీవిగా పెట్టుకున్నాడు. నవ్వు కోసం రచయిత తెచ్చి అతికించిన టోపీ కాదది. ఆ మనిషి అలాంటి టోపీయే కొంటాడు. బాపు రమణలు 1967లో ‘సాక్షి’ని పులిదిండిలో తీశారు. బల్లకట్టు నడుపుకునే మెతక మనిషి ఓ హత్య చూశాడు, చూసింది కోర్టులో చెప్పాడు. హంతకుడు తిరిగొస్తున్నాడంటే ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి. ఏరూ కొబ్బరిచెట్లూ అందులోనూ ఉన్నాయి. మనిషికి అడ్డం రాకుండా వెనకాల నిలబడ్డాయి.

పోనీ ఇప్పటివాళ్లకి కోరికలు కరువా? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి వేయబోమని పంట విరామం ప్రకటించారు. సేద్యమే పరువనుకునే మనిషి చేతులారా చేను బీడు పెట్టాడంటే, ముందురోజు రాత్రి ఆ ఇంట్లో ఎన్ని మాటలు నడిచి ఉంటాయి! పిల్లల చదువుల కోసం కువైట్‌లో పరాయి ఇళ్ల వంట చేసే తల్లులున్నారు. వరదకి లంకభూమి కోసుకుపోతుంటే మిగిలిందెంతో లెక్కేసుకునే రైతులున్నారు. వీళ్ల దగ్గర డ్రోను దిగదు. మనిషి కోరిక అంత ఎత్తు నుంచి కనబడదు కదండీ.

యాస వద్దనడం లేదు. అప్పు అడిగేటప్పటి “ఆయ్” వేరు, అప్పు ఎగ్గొట్టేటప్పటి “ఆయ్” వేరు. ఆ తేడా రావాలంటే ముందు ఆ మనిషికి ఓ అప్పు ఉండాలి, దాని వెనక ఓ అవసరం ఉండాలి.

కాబట్టి రచయితగారూ, ఈసారి రాజమండ్రి రైలెక్కే ముందు రెండు జవాబులు రాసుకు రండి. మీ వాడికి ఏం కావాలి? అది దక్కకుండా అడ్డుపడే గుణం వాడిలో ఏముంది? ఈ రెండూ లేకుండా మీరు తీసేది టూరిజం శాఖవారి ప్రకటన. దానికి మా దగ్గర టికెట్టు డబ్బులు వసూలు చేయడం ధర్మం కాదండి.