కుక్కరోద్దీపని

మూలం:
“ఏవండీ! ఈ ఒక్క అధ్యాయం అయ్యాక లేస్తాను. మూడో విజిల్ రాగానే స్టవ్ కట్టేయండి.”

అవతారిక: కోడంబాక్కం స్టేషనుకు కూతవేటు దూరంలో, కత్తిరి ఎండ కాసే మే నెల ఆదివారం నాడు, ఫ్యాను కింద చాప మీద పడుకొని కేథరిన్ ఆర్డెన్ రాసిన ‘ది బేర్ అండ్ ది నైటింగేల్’ (2017) చదువుతున్న ఒక గృహిణి తల ఎత్తకుండా పలికిన వాక్యమిది. పూర్వవ్యాఖ్యాతలెవరూ దీని జోలికి పోనందున, వాక్యం ఎవరినుద్దేశించిందో ఆ భర్తే వ్యాఖ్యానానికి పూనుకొన్నాడు.

ప్రతిపదార్థం: ఏవండీ = ఓ నాథా, ఎలాగూ వంటింట్లోనే ఉన్నవాడా; ఈ = నా చేతనున్నదియు, నీవు చదవనిదియు నగు; ఒక్క = మూడు గాని నాలుగు గాని; అధ్యాయం = నాయికకు ప్రాణం మీదికి వచ్చిన చోట ఆగిపోవు కథాభాగము; అయ్యాక = తరువాతి అధ్యాయము సగమైన పిమ్మట; లేస్తాను = ఇటునుండి అటు ఒత్తిగిలుదును; మూడో విజిల్ రాగానే = లెక్క తప్పక; స్టవ్ = పొయ్యిని; కట్టేయండి = ఆర్పుడు, పప్పు మాడినచో పాపము మీది.

తాత్పర్యం: నేనిప్పుడు పద్నాలుగో శతాబ్దపు రష్యా అడవిలో, మోకాటి లోతు మంచులో ఉన్నాను. వాస్య అనే పిల్లను పెళ్లికైనా ఒప్పుకో, మఠానికైనా పో అంటున్నారు. దాని సంగతి తేలందే పప్పు సంగతి నాకు పట్టదు, మీరు చూసుకోండి – అని.

విశేషాలు:

దేశకాలౌచిత్యం. నవల మొదలయ్యేదే పొయ్యి దగ్గర. దున్యా అనే ముసలి దాది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని మంచుదొర మొరోజ్కో కథ చెబుతుంది. చలికాలంలో అక్కడివాళ్లకు ఆ పెద్ద పొయ్యి మీదే పడక. కత్తిరి ఎండలో గ్యాస్ స్టవ్ ముందు నిలబడ్డవాడికి ఈ ఘట్టం బీభత్సం, ఫ్యాను కింద చదివేవారికి పరమ శృంగారం. రసం సహృదయుడు కూర్చున్న చోటును బట్టి ఉంటుందని దీనివల్ల సిద్ధించింది.

పూర్వపక్షం. వ్యాఖ్యాత తల్లి ఆక్షేపణ: “మన కథలకేం కరువొచ్చిందే అమ్మాయ్? ఆ మంచుదయ్యాల గోల మనకెందుకు?”

సమాధానం. రాకుమారి, మాంత్రికుడు, సాహసం, ప్రేమ – ఈ సరుకు కోడంబాక్కానికి పరాయిది కాదు, ఈ పేట అన్నం తిన్నదే దాని మీద. కె.వి.రెడ్డి ‘పాతాళభైరవి’ (1951) పక్కనున్న వడపళనిలోని వాహినీ స్టూడియోలో తయారైంది. 1947 జూలైలో పుట్టిన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని ఏళ్ల తరబడి మాంత్రికుల సీరియళ్లు నడిపారు. పైగా రష్యా కథల్లో కొశ్చేయ్ అనే చావులేని మాంత్రికుడి ప్రాణం సూదిమొనలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో. దాచే జాగ్రత్తలో వాళ్లు ఒక మెట్టు పైన, అంతే.

ఇంకా విను. ఈ నవలలో దొమొవోయ్ అనే ఇంటిదేవరది పొయ్యిలో కాపురం. మాస్కో నుంచి వచ్చిన పూజారి కాన్‌స్టంటీన్ నరకం పేరు చెప్పి హడలగొడితే ఊరు ఊరంతా అలాంటి దేవరలకు పెట్టడం మానేసింది. వాళ్లు చిక్కిపోయారు, ఊరికి కాపు లేకుండా పోయింది. వాస్య ఒక్కతే చాటుగా రొట్టెముక్క పెట్టి వాళ్లను నిలబెడుతుంది. పోలేరమ్మకు పొంగలి పెట్టిన ఇంట పుట్టినవారికి ఈ ఘట్టానికి టీక అక్కర్లేదు.

సిద్ధాంతం. అయినా భేదం ఉంది, రుచి అక్కడే ఉంది. ‘పాతాళభైరవి’లో మాంత్రికుడు ఎత్తుకుపోతే ఇందుమతి ఏడుస్తూ కూర్చుంది, తోటరాముడు వెళ్లి తెచ్చాడు. వాస్య ఎవరి కోసమూ కూర్చోదు. పెళ్లీ వద్దు, మఠమూ వద్దని సొలొవేయ్ అనే గుర్రమెక్కి తానే అడవిలోకి పోతుంది. మొరోజ్కో మీద మనసు పడుతుంది గాని, మనసు పడినందుకు దారి మానుకోదు. ‘పాతాళభైరవి’ని పదిసార్లు చూసిన ఇల్లాలు ఈ పుస్తకం కింద పెట్టకపోవడానికి కారణం ఇదే తప్ప బద్ధకం కాదు.

అలంకారం. ‘ఒక్క’ అన్నచోట అతిశయోక్తి తిరగబడింది, ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం. ఈ నవలతో మొదలైన వరుస మూడు సంపుటాలు. చివరిది 2019లో వచ్చింది, కథ అందులో 1380 నాటి కులికోవో యుద్ధం దాకా సాగుతుంది. చాప మీద ఉన్నది మొదటిది మాత్రమే.

ఫలశ్రుతి. ఈ వ్యాఖ్య చదివిన భర్తలకు తిరగమోత వేయడం వచ్చును. చదువుతున్న మనిషిని భోజనానికి రెండుసార్లకు మించి పిలవరాదు, మూడోసారి కంచంలో వడ్డించి తీసుకెళ్లవలెనని నిర్ణయం.